పడవకు పోసిన ఒడిబియ్యం

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ పడవలో నీళ్లు పోశాం... చెరువులో ఉన్న పడవలో కాదు, మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఉన్న పడవలో. పాలకుర్తి పోయే దారిలోనే మా ఊరు. బస్సుల్లో పోయేవాళ్లు కూడా తలలు బయటపెట్టి మరీ చూసేవాళ్లు.

అది మా తాత చేయించిన చేపల పడవ. టేకు చెక్కలు, సందుల్లో గుగ్గిలం, ముందు కొసకు పసుపూ కుంకుమా. తాత తర్వాత బాపు దాని మీదే వల వేశాడు. వానలు మొహం చాటేసి చెరువు నెర్రెలు బారాక, ఎడ్లబండి మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. అది అక్కడ ఎండలో ఎండీ ఎండీ... చెక్కల మధ్య సందుల్లోంచి అవతలి కోళ్లు కనిపించేవి మాకు.

చివరికి అమ్మేద్దామన్నాడు బాపు. నాయినమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఎండల చచ్చుడు కంటె యాడనో ఒక కాడ నీళ్లల్ల బతుకుతది గదనే అవ్వా," అన్నాడు బాపు.

సాగర్ వెనకనీళ్లలో చేపలు పట్టే ఒక పెద్దాయన చూడ్డానికొచ్చాడు. చెక్క మీద కొట్టి చూశాడు, సందుల్లో వేలు పెట్టి చూశాడు.

"కట్టె మంచిదే తమ్మీ. గని సందులు వడ్డయ్. మా కాడ నీళ్లల్ల దింపి చూస్త. లోపల తడి కనవడ్డదా, నీ పడవ నువ్వే తోల్కపోవాలె."

"గట్లనే అన్నా," అన్నాడు బాపు. పడవ అమ్ముడుపోయినా పోకపోయినా ఆయన ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోయడానికి పోవాల్సిందే. ఆయన ఫికరంతా ఒక్కటే... తాత చేయించిన పడవ పరాయి ఊరి రేవులో నీళ్లెక్కి, పనికిరాదనిపించుకుని తిరిగి రాకూడదు. వస్తే ఇక పొయ్యిలోకే.

ఎండిన చెక్క నీళ్లు తాగితే ఉబ్బి సందులు మూసుకుంటాయి. కానీ నీళ్లేవీ? తాగడానికే బిందెలు పట్టుకుని క్యూ కట్టే రోజులవి. అందుకని మా ఇంట్లో ఒక చుక్క కూడా మోరీలోకి పోనీయలేదు. బియ్యం కడిగిన నీళ్లు పడవలోకి, బట్టలు జాడించిన నీళ్లు పడవలోకి. నన్నూ తమ్ముణ్నీ పడవలోనే కూర్చోబెట్టి తానం పోసేది అమ్మ. పైన వేపపూత రాలుతుండేది, కింద మేం సబ్బు నురగతో ఈత కొట్టేవాళ్లం. అంత ఖుషీగా నేను మళ్లీ ఎక్కడా స్నానం చేయలేదు, నిజం చెబుతున్నా...

"పడవను నీళ్లల్ల ఎయ్యాలె గని, పడవల నీళ్లు పోస్తాన్రేందిరా!" అని ఎగతాళి చేసేవాళ్లు వాడకట్టువాళ్లు. అంటూనే మధ్యాహ్నం వాళ్ల గిన్నెలు కడిగిన నీళ్లు కూడా తెచ్చి పోసి పోయేవాళ్లు. మెల్లమెల్లగా కోళ్లు కనిపించడం మానేశాయి.

పడవను సాగర్ తీసుకుపోయే డీసీఎం వ్యాను వచ్చిన పొద్దున నాయినమ్మ ఇత్తడి పళ్లెంలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ పెట్టి తెచ్చింది. అత్తారింటికి పోయే ఆడబిడ్డకు పోసినట్టే ఒడిబియ్యం పోయాలంది. డ్రైవర్ నవ్వాడు గానీ బాపు నవ్వలేదు. నాయినమ్మ పక్కన నిలబడి చెబుతుంటే, అమ్మా బాపూ కలిసి కొత్త తువ్వాల పరిచి పడవ ఒడిలో పోశారు.

"చెరువు నిండినంక తోల్కస్తం బిడ్డా... జర ఓపిక వట్టు," అంది నాయినమ్మ, పడవ కొసను బుగ్గ నిమిరినట్టు నిమిరి.

దారిలో మళ్లీ ఎండితే చేసిందంతా వృథా. తడి గోనెసంచులు కప్పి, నీళ్ల డ్రమ్ము పెట్టుకుని, బాపు పడవలోనే కూర్చున్నాడు. జనగామ దాటి, సాగర్ దాకా... బోరింగు కనిపించిన చోటల్లా ఆపించి సంచులు తడిపాడట. నడిరోడ్డు మీద పడవలో కూర్చుని పోతున్న మనిషిని చూసి జనం ఎంత నవ్వుకున్నారో!

మర్నాడు సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. మేమంతా గడపలోనే ఉన్నాం.

"చుక్క దిగలే అవ్వా," అన్నాడు. ఆ మాటతో పాటే ఏడ్చేశాడు. బాపు ఏడవడం నేను చూసింది అప్పుడే. తువ్వాలతో మొహం తుడుచుకుని చెప్పాడు... "పడవ కొన్నాయన ఇంటామె ఒడిబియ్యం జూసి నవ్వలే. వండి వాడకట్టోళ్లందరికి పెట్టింది."

నాయినమ్మ ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

ఒడిబియ్యం పోసి పంపిన బిడ్డను కొన్నేళ్లకు మళ్లీ పుట్టింటికి పిలిచి, మళ్లీ ఒడి నింపాలి కదా... మా చెరువుకు నీళ్లు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. నాయినమ్మ అంత కాలం ఉండలేదు. చెరువు నిండిన ఏడు బాపు సాగర్ పోయి వెతికాడు. ఆ పెద్దాయనా లేడు. పడవ చేతులు మారి ఎటో పోయిందన్నారు. రేవులో అన్నీ ఫైబర్ పడవలే.

ఇప్పుడు కాలువ నీళ్లతో మా చెరువు ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటుంది. నేను మడికొండలో అపార్ట్‌మెంట్లో ఉంటున్నా, ట్యాప్ తిప్పితే నీళ్లు. మొన్న అమ్మావాళ్లు నన్ను పిలిచి ఒడిబియ్యం పోశారు. పోయడం అయ్యాక పళ్లెంలో కొన్ని బియ్యం మిగిలాయి. లోపల పెడదామని చూస్తే పళ్లెం లేదు, బాపూ లేడు.

చెరువు కట్ట మీద కనిపించాడు. ఖాళీ పళ్లెం పక్కన పెట్టుకుని నీళ్లవైపు చూస్తున్నాడు.

"దాన్ని గూడ పిలువాల్సిండె బిడ్డా," అన్నాడు.

మీ ఇంట్లోంచి కూడా అలా ఏదైనా వెళ్లిపోయిందా... బండో, బర్రెనో, కుట్టుమిషనో... మళ్లీ తెచ్చుకుంటామని మాటిచ్చి పంపింది? దాని సంగతి చెప్పండి. చదివి బాపుకు వినిపిస్తా...