బర్నరుకు పెట్టిన బొట్టు

మొన్న మా మేనల్లుడు హిందూపురంలో మా ఇంటి ముందు ఒక పెద్ద వ్యాను తెచ్చి నిలిపాడు. లోపల పరుపు, పొయ్యి, చలికి వెచ్చగా ఉండడానికి గ్యాసుతో నడిచే హీటరు, అన్నీ ఉన్న ఆ బండిలో భార్యాపిల్లలతో ఊటీకి పోవాలని వాడి సరదా. హీటరు మాత్రం అంటుకున్నట్టే అంటుకుని పది లెక్కపెట్టేలోగా ఆరిపోతోంది. పిలిపించిన మెకానిక్కు ఒక్క మర విప్పలేదు, ఫోనులో ఏదో చూసుకుని "బోర్డు పోయుండాది సార్, ఈడ చేసేకి ఏమీ లేదు, కొత్తది తెప్పించల్ల" అని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమప్పా, మూతైనా తీయకుండా లోపల ఏం పోయిందో నీకెట్ల తెలిసింది?" అని గద్దించి, కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాను. గొణుక్కుంటూనే విప్పాడు. గాలి లోపలికి పోయే గొట్టంలో సాలీడు గూడు కట్టుకుని ఉంది. దాన్ని లాగేసి ముట్టిస్తే నీలం మంట నిలకడగా నిలిచింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు గానీ నా కోపం తగ్గలేదు, ఎందుకంటే అది ఆ మెకానిక్కు ఒక్కడి మీద కోపం కాదు.

నేను నర్సుగా చేరిన కొత్తలో పెనుకొండ నుంచి ఊళ్లు తిరిగే వైద్యపు వ్యానులో నా పని. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒకసారి వాడి పారేసే సూదులు లేవు, గాజు సిరంజీలను, సూదులను వ్యానులోనే గ్యాసు పొయ్యి మీద ఉడికించి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. ఆ వ్యాను నడిపే ఆయనను నేను అన్నా అనే పిలిచేదాన్ని. ధర్మవరంలో ముసలి తల్లితో, భార్యతో ఉండే సాయిబు. ఆయుధపూజ వచ్చిందంటే మా అందరికంటే ముందు ఆయనే బండి కడిగి, నిమ్మకాయలు, పూలదండ తెచ్చి పెట్టి, పూజ మాత్రం నా చేత చేయించేవాడు. ఒక ఏడు నేను స్టీరింగుకు, చక్రాలకు, మందుల పెట్టెకు గంధం, పసుపు కలిపి బొట్లు పెట్టి, అన్నం పెట్టే పొయ్యి లాంటిదే కదా అని బర్నరుకు కూడా ఒక బొట్టు దట్టంగా పెట్టాను.

ఆ తర్వాత నెల రావాల్సిన సిలిండరు పదిహేను రోజులకే అయిపోవడం మొదలైంది. ట్యూబు మార్చారు, రెగ్యులేటరు మార్చారు, సబ్బు నురుగు రాసి చూశారు, ఎక్కడా లీకు లేదు. లీకు లేకపోతే గ్యాసు ఏమైనట్టు అని ఆలోచించి, మా ఆఫీసరు డ్రైవరే దాన్ని టీ అంగడికి అమ్ముకుంటున్నాడని తేల్చేశాడు. చూసినవాడు లేడు, అడిగినవాడు లేడు. పదేళ్లుగా బండిని సొంత బిడ్డలా చూసుకున్న మనిషిని ఒక్క కాగితంతో ఇంటికి పంపించారు. మంట నీలంగా కాక పసుపు పచ్చగా వస్తోందని గానీ, గిన్నె అడుగున మసి పడుతోందని గానీ ఒక్కరూ పట్టించుకోలేదు. ఆ మసి రోజూ తోమింది నేనే, నాకూ తట్టలేదు.

కొత్త డ్రైవరు వచ్చాక కూడా సిలిండరు పదిహేను రోజులకే ఖాళీ అయ్యింది. అప్పుడు గానీ నేను ఆ పొయ్యి ముందు వంగి చూడలేదు. బర్నరు మెడకు గాలి పోవడానికి గుండ్రంగా ఒక బెజ్జం ఉంటుంది. నా బొట్టు సరిగ్గా అక్కడే పడి, వేడికి కాలి గట్టిపడి, ఆ బెజ్జాన్ని మూసేసింది. గాలి చాలక మంటలో వేడి లేదు, అదే పనికి రెట్టింపు గ్యాసు తాగుతోంది. పిన్నీసుతో గీకేశాను. మంట నీలంగా లేచింది.

పరుగున పోయి ఆఫీసరుకు చెప్పాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "రాసిన కాగితం పైకి పోయిందమ్మా. ఇప్పుడు దాన్ని మార్చాలంటే తప్పు నీ మీదే రాయాల. రాయమంటావా?" అన్నాడు. నాది అప్పటికి పర్మనెంటు కాని ఉద్యోగం. నేను ఆయన బల్ల ముందు నిలబడి ఏమీ అనలేదు. ఆ ఆఫీసరును ఈ రోజుకీ క్షమించలేదు, ఆ బల్ల ముందు నిలబడిన పిల్లను అసలే క్షమించలేదు.

వారానికి పెనుకొండ బస్టాండులో అన్న కనిపిస్తే జరిగిందంతా చెప్పి ఏడ్చాను. ఆయన "నీ ఉద్యోగం కూడా పోతే ఏమొస్తుంది సిస్టరమ్మా, వద్దులే. మా అమ్మ మాత్రం నిజంగా అమ్ముకున్నావా అని దినామూ అడుగుతాండాది. నేను చెప్తే నమ్మడంల్యా. ఒక్కసారి ఇంటికాడికి వచ్చి నువ్వు చెప్పు" అన్నాడు. వస్తానన్నాను. ఆ తల్లి ముఖం ఎలా చూడాలో తెలియక ఈ వారం, వచ్చే వారం అంటూ మూడు నెలలు దాటించాను. ధైర్యం చేసి ధర్మవరం పోయేసరికి ఆమె పోయి నెల అయ్యింది. ఆయన నన్ను కూర్చోమని టీ ఇప్పించాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు సూదులు ఉడికించే పనే లేదు, ఆ వ్యానులూ లేవు, పైవాళ్లంటే వణికే భయమూ నాలో లేదు. ఈ వయసులో నాకు ఎవరినైనా నిలదీసే నోరు వచ్చింది. అది ఆ రోజు ఆ బల్ల ముందు వచ్చి ఉంటే, ఒక తల్లి తన కొడుకు దొంగ కాదని తెలుసుకుని కన్ను మూసేది.