మలి ఈత

మా అమ్మ పోయిన ఏడాదికే ఆమె చెల్లెల్ని నాన్నకిచ్చి చేశారు. ఒకే కడుపున పుట్టింది కదా, ఇంటినీ నన్నూ అక్కలాగే చూసుకుంటుందన్నారు. పంతొమ్మిదివందల ముప్పైల్లో, మండవల్లి అవతల కొల్లేటి ఒడ్డున ఉండే మా ఇంటి మాట ఇది.

పిన్నికో అలవాటుండేది. నాన్న ఆమెను తరచు మా అమ్మ పేరుతోనే పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా పిన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూసి, అప్పుడు పలికేది. పులుసు నోట పెట్టుకుని "మీ అక్క ఇలా చేసేది కాదు" అన్నా అంతే, వెనక్కి చూసేది.

మా కుక్క తొలి ఈత పిల్లలు, నీళ్లు నిలిచిన మా చేలో అడవిబాతులు వాలితే దోనెలోంచి నీళ్లలోకి దూకి తరిమేవి. అందుకని నాన్న మళ్లీ ఆ మగకుక్కతోనే దాన్ని కట్టించాడు. ఈసారి బతికిన ఒక్క కూనా నీళ్లు చూస్తే వణికేది.

"అదే తల్లి, అదే తండ్రి. దీనికేం రోగం?" అంటూ ఓ పొద్దున దోనెలోంచి దాన్ని కొల్లేట్లోకి విసిరేశాడు.

పిన్ని గట్టు దిగి, నడుము లోతు నీళ్లలోకి వెళ్లి దాన్ని ఎత్తుకుంది.

"తల్లి ఒకటేనండీ, ఈత వేరు. దీన్ని దీనిలా ఉండనివ్వండి."

ఆమె నాన్నకు ఎదురు చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. నాన్న, "సరేలే, ఇంటికి తీసుకుపో" అన్నాడు మెత్తగా. అంటూ పేరు పెట్టి పిలిచాడు. మా అమ్మ పేరే.

పిన్ని వెనక్కి తిరిగి చూసింది.

వెనక గట్టు మీద నేనున్నాను. నాది అచ్చం మా అమ్మ ముఖమేనంటారు అందరూ.