మడుగులో ఉండిపోయిన వల

మా ఊరి పక్క నుంచే మంజీర పోతుంది. నా చిన్నప్పుడు, అంటే అరవైల్లో, చలికాలం వచ్చిందంటే ఊళ్లో మగవాళ్లంతా చెరకు బండ్లతో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయేవాళ్లు. గేటు ముందు బండ్ల లైను ఎప్పుడు కదులుతుందో ఆ దేవుడికే తెలియాలి. పొద్దున పోయిన మనిషి సాయంత్రానికి వస్తే అదృష్టమే.

ఒకసారి మా బాపు బండి కట్టే ముందు మంజీర మడుగులో వల వేసి పోయాడు. సాయంత్రం వచ్చి ఎత్తుకోవచ్చని ఆయన లెక్క. ఆ మడుగులో ఒక నీటికుక్క, దాని పిల్లలు ఉండేవి. అవ్వతో, అంటే మా అమ్మతో, బట్టలు ఉతకడానికి పోయినప్పుడల్లా వాటినే చూస్తూ కూర్చునేదాన్ని. తల్లి మునిగి చేపను పట్టుకొచ్చి గట్టు మీద పెడితే పిల్లలు దానికోసం కొట్లాడుకునేవి. ఇంట్లో నాకు తోబుట్టువులు లేరు. ఆ కొట్లాట చూస్తే నాకు ఎంతో సంతోషంగా ఉండేది.

బాపు ఆ రాత్రీ రాలేదు, మర్నాడూ రాలేదు. లైను కదలలేదట. వచ్చిన పొద్దున ఎడ్లను విప్పి నేరుగా మడుగుకే పోయాడు. అవ్వా నేనూ వెంట పోయాం. వల బరువుగా వచ్చింది. చేపల మధ్య తల్లి నీటికుక్క ఉంది. మెడ చుట్టూ వల దారం బిగుసుకుపోయింది. రాళ్ల సందులోంచి పిల్లలు సన్నగా అరుస్తున్నాయి.

నాకు ఏడుపు రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది. "నీళ్లల్ల ఉండేది నీళ్లల్ల ఎట్ల సచ్చింది బాపూ?" అని మాత్రం అడిగాను. అవ్వ నన్ను దగ్గరికి లాక్కుని నా ముక్కూ నోరూ అరచేత్తో మూసింది. మొదట ఆట అనుకున్నాను. తర్వాత ఆ చెయ్యి తప్పించుకోవడానికి గింజుకున్నాను. అప్పుడు వదిలింది.

"దానికి గూడ గిదే ఊపిరి బిడ్డా. మీదికొచ్చి పీల్చుకొని పోతది. మనం రానియ్యలే."

బాపు దాన్ని ఒడ్డున పూడ్చాడు. పిల్లలకు చిన్న చేపలు వేశాం, ముట్టలేదు. మర్నాడు పోయి చూస్తే పిల్లలు అక్కడ లేవు. వల ఎత్తిన రోజు ఇంట్లో ఆ చేపలే వండారు. పెడితే తిన్నాను. కూరలో ఉప్పు ఉందో లేదో కూడా తెలియలేదు.

బాపు చేపలు పట్టడం మానలేదు. కానీ బండి కట్టే రోజు మాత్రం వల మా ఇంటి దూలానికే వేలాడేది.

నేను సముద్రం చూడలేదు. మొన్న పేపర్లో, వలలో చిక్కుకుని చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ ఫోటో వచ్చింది. మనవరాలు చదివి వినిపించింది. ఓడలు తగిలి తిమింగలాలు కూడా చస్తున్నాయట. "నీళ్లలో ఉండేవి వలలో పడితే ఎందుకు చస్తాయి అమ్మమ్మా?" అని అడిగింది.

నా చెయ్యి దాని ముఖం దాకా పోయి ఆగింది. అవ్వకున్న ధైర్యం నాకు లేదు.

"ఒక్కసారి ఊపిరి బిగబట్టి సూడు బిడ్డా" అన్నాను. అది బుగ్గలు పొంగించి కూర్చుంది. అది వదిలేదాకా నేనూ గాలి పీల్చలేదు.