బిర్కెన్‌గ్రూన్ ఆడపడుచు

ఎల్లర్‌బ్రున్ అనే జర్మన్ పల్లెలో పోస్ట్‌మాన్ అయిన వాలెంటిన్ రోర్‌బాహర్‌ని పెళ్ళాడిన నాటికి ఇర్మ్‌ట్రౌట్‌కి ఇరవై రెండేళ్ళు. కొత్త ఇంటిపేరుతోపాటు దాని వెనకున్న పిచ్చి కూడా తన వాటాకి వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

పిచ్చంటే మరేం లేదు. రోర్‌బాహర్ అంటే రోర్‌బాహ్ నుంచి వచ్చినవాడు, రెల్లువాగు ఊరివాడు అని. వాలెంటిన్ పూర్వీకుల్లో ఎవరో ఎప్పుడో మూటాముల్లే సర్దుకుని ఆ ఊరినుంచి వచ్చారు. ఏ రోర్‌బాహ్? వాగూ, వాగు గట్టున రెల్లూ ఉన్న చోటల్లా ఒక రోర్‌బాహ్ ఉంది దేశంలో.

"మా నాన్ననడిగితే 'అదుగో, ఆ కొండకి అటుపక్కెక్కడో' అని చెయ్యి ఊపేవాడు. ఊపినప్పుడల్లా దిక్కు మారేది," అని నవ్వేవాడు వాలెంటిన్.

అందుకని ఏటా ఆగస్టు సెలవుల్లో ఒక రోర్‌బాహ్‌కి ప్రయాణం. మొదట్లో రెండు సైకిళ్ళ మీద, ఆ తర్వాత మోపెడ్ మీద, పంతొమ్మిది వందల అరవై మూడు నుంచి, ఎక్కడానికి ముందొకసారి తట్టి బుజ్జగించాల్సిన పాత కారులో. లివర్ సాసేజ్ రాసిన రై రొట్టె, ఫ్లాస్కులో కాఫీ ఇర్మ్‌ట్రౌట్ సర్దేది. వాళ్ళు తిరిగొచ్చేసరికి మాంసం కొట్టు నడిపే కునిగుండె అనే ఆవిడ తన గుమ్మంలో కాచుకుని ఉండేది.

"ఏం వాలెంటిన్, ఈసారైనా మీవాళ్ళు గుర్తుపట్టారా? లేక మళ్ళీ ఉత్తరాలు ఇవ్వడానికొచ్చావనుకున్నారా?"

"వచ్చే ఏడు చూడు కునిగుండె, మేళతాళాలతో ఎదురొస్తారు!"

ఆ ప్రయాణాలు ఇర్మ్‌ట్రౌట్‌కి ఇష్టమే. అతను ఫాదర్ గారి తలుపు తట్టి, పాత బాప్తిస్మం రిజిస్టర్లు ముందేసుకుని వేలితో ఒక్కో వరసా వెతుకుతుంటే, ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఆ ఊరి కోళ్ళనీ, ఆరేసిన దుప్పట్లనీ చూస్తూ ఉండేది. పరాయి ఊళ్ళో ఎవరింటి పొగగొట్టంలోంచో వంట వాసన వచ్చినప్పుడు మాత్రం తను పుట్టిన ఇల్లు గుర్తొచ్చేది. పైకి చెప్పేది కాదు.

చెప్పకపోవడం ఆమెకి చిన్నప్పుడే అలవాటైంది. నలభై ఆరులో, పదకొండేళ్ళ పిల్లగా, అమ్మతో కలిసి గూడ్సు బండిలో ఎల్లర్‌బ్రున్‌లో దిగింది. యుద్ధం ముగిశాక, సరిహద్దుకి అవతల బొహేమియాలో ఉన్న వాళ్ళ ఊరు బిర్కెన్‌గ్రూన్ నుంచి జర్మన్లందరినీ పంపేశారు. తెచ్చుకున్నది ఒక ఈకల దుప్పటి, ఒక కాఫీ గింజల మర. బడిలో పిల్లలు ఆమె మాట యాసని వెక్కిరించారు. రెండు నెలల్లో ఆ యాస మానేసింది. కొన్నేళ్ళకి సరిహద్దు కంచె కోసం బిర్కెన్‌గ్రూన్‌ని నేలమట్టం చేశారని కబురొచ్చింది. ఆ పూట అమ్మ మామూలుగానే బంగాళాదుంపలు వలిచింది. "పోయింది పోయింది. దాని పేరెత్తొద్దు," అంది. ఎత్తలేదు.

అరవై ఆరులో పదో రోర్‌బాహ్‌కి వెళ్ళారు. జోరున వాన. ఫాదర్ గారు ఊళ్ళో లేరు. తడిసి ముద్దై సత్రంలోకి దూరితే, పీపాలాంటి యజమాని బీరు గ్లాసు అందిస్తూ పేరడిగాడు. చెప్పగానే కౌంటర్ మీద చరిచి నవ్వాడు.

"రోర్‌బాహర్ అనే ఇంటిపేరు ఈ ఊళ్ళో వెతుకుతున్నావా? పిచ్చి మారాజా! ఇక్కడ నా కుక్కతో సహా అందరం రోర్‌బాహర్‌లమే. ఇక ఎవణ్ణి ఆ పేరుతో పిలుస్తాం? ఊరు దాటిపోయినవాడికే ఆ పేరు. అది వాడికి పెట్టింది మేం కాదు, మీ ఊరివాళ్ళు!"

వాలెంటిన్ కూడా పగలబడి నవ్వాడు. ఇర్మ్‌ట్రౌట్ నవ్వలేదు. కారెక్కాక తడిసిన రుమాలు పిండుతూ అంది.

"వాలెంటిన్, నీ ఊరు పోయి మూడొందలేళ్ళయింది. దాని కోసం పదేళ్ళుగా తిరుగుతున్నావు. నా ఊరు పోయి ఇరవై ఏళ్ళే. ఒక్కసారైనా అడిగావా?"

అతను తాళం తిప్పబోయినవాడల్లా ఆగిపోయాడు.

"ఎలా అడగాలో తెలీలేదు ఇర్మీ. పెళ్ళైన కొత్తలో మీ అమ్మనడిగాను. కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది."

"నేను మా అమ్మనా?"

వాలెంటిన్ తాళం తిప్పి కారు కదిలించాడు.

ఆ చలికాలం వాలెంటిన్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మానేశాడు. పనెక్కువగా ఉందన్నాడు. ఫిబ్రవరిలో ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర ఆమె సూపు పళ్ళెం పక్కన ఒక చీటీ పెట్టాడు. పోస్టాఫీసులో దేశంలోని టెలిఫోన్ డైరెక్టరీలన్నీ ఉంటాయి. వాటిని ఒక్కోటీ తిరగేసి పట్టుకున్నాడట.

"బిర్కెన్‌గ్రూనర్, ఆంటన్. గడియారాల రిపేరు. లాండ్స్‌హూట్."

ఇర్మ్‌ట్రౌట్ చీటీని రెండుసార్లు చదివింది. "మా ఊళ్ళో ఈ ఇంటిపేరు ఎవరికీ లేదే?"

"ఉండదు మరి. అక్కడ కుక్కతో సహా అందరూ అదేగా," అన్నాడు వాలెంటిన్.

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సూపు చల్లారిపోయింది.

ఉత్తరం రాశారు. వారంలో జవాబొచ్చింది: "మా పేరు ఏదో అడవి పేరనుకునేవాణ్ణి. అది ఊరని, ఆ ఊళ్ళో పుట్టిన మనిషి ఉందని ఇప్పుడే తెలిసింది. తప్పకుండా రండి." ఈస్టర్‌కి లాండ్స్‌హూట్ వెళ్ళారు. ఆంటన్‌కి యాభై ఐదుంటాయి, సన్నగా, కంటికి భూతద్దం బిగించుకుని ఉన్నాడు. పెళ్ళి కాని అక్క వాల్‌బుర్గా కాఫీ, గసగసాల కేకు తెచ్చి పెట్టింది. గోడ నిండా గడియారాలు. ఆయన భూతద్దం తీసి పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పమ్మా. మన ఊరు ఎలా ఉండేది?"

మన ఊరు అన్నాడు. ఇర్మ్‌ట్రౌట్ కేకు ముక్కని ఫోర్కుతో అటూ ఇటూ జరిపింది. చివరికి, "చర్చి గంట పగిలి ఉండేది. కొడితే ముసలాయన దగ్గినట్టుండేది," అంది.

అంతే, గట్టు తెగింది. రొట్టెల పొయ్యి మీద ప్లమ్ పళ్ళు ఎండబెట్టే ఆడవాళ్ళు, ఎర్రముక్కు కమ్మరి వెంజెల్, నాన్న యుద్ధానికి వెళ్తుంటే వంతెన దాకా వెంటపడ్డ బాతులు, మళ్ళీ రాని నాన్న. మధ్యలో ఎప్పుడో ఆమె మాటలోకి పాత యాస తిరిగొచ్చింది. గడియారాలు వాటి మానాన అవి గంటలు కొడుతూనే ఉన్నాయి. పదేళ్ళు కాపురం చేసిన భార్య అసలు గొంతు వాలెంటిన్ ఆ రోజే మొదటిసారి విన్నాడు. కిటికీ వైపు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఇంకో ముక్క తిను తల్లీ, ఇంకా సగం వీధే చెప్పావు," అంది వాల్‌బుర్గా.

అప్పటినుంచి ఏటా ఈస్టర్ లాండ్స్‌హూట్‌లోనే. రోర్‌బాహ్‌లు కూడా ఆగలేదు. మొత్తం పద్దెనిమిది తిరిగారు, ఏదీ తేలలేదు. తేలకపోయినా వాలెంటిన్‌కి బెంగ లేదు. ప్రతి ఊళ్ళోనూ కాసిని మంచినీళ్ళు తాగాను, ఇంకేం కావాలి అనేవాడు.

తొంభై ఒకటిలో, కంచె పోయాక, ముగ్గురూ కలిసి బిర్కెన్‌గ్రూన్‌కి వెళ్ళారు. అప్పటికి వాల్‌బుర్గా లేదు. ఆంటన్‌కి డెబ్భై తొమ్మిది. ఊరు లేదు. నడుం లోతు గడ్డి, చర్చి మెట్లు మూడు, అడవిలా అల్లుకుపోయిన ప్లమ్ చెట్లు. ఇర్మ్‌ట్రౌట్ గడ్డిని చేత్తో పాయలు తీస్తూ ముందు నడిచింది. ఇది బడి, ఇది బావి, ఇది మా గుమ్మం. గుమ్మం దగ్గర కాసేపు నిలబడింది. మగవాళ్ళిద్దరూ దూరంగా ఆగారు.

తర్వాత ఆంటన్ కర్ర ఊపుతూ అడిగాడు. "మరి మా ఇల్లేదమ్మా?"

"మీవాళ్ళు ఊరొదిలిపోయి ఎన్ని వందలేళ్ళైందో! నాకేం తెలుసు? నచ్చింది తీసుకోండి."

ఆయన అంతా కలియజూశాడు. వాగు పక్కన, కాయలతో వంగిన చెట్టు కింద రాళ్ళ పునాది ఒకటి కనిపించింది. "ఇది," అన్నాడు గట్టిగా.

ఇర్మ్‌ట్రౌట్ పొట్ట పట్టుకుని నవ్వింది. "అయ్యో, అది వెంజెల్ గారి పందుల దొడ్డి!"

"అయితే ఏంటి? మన ఊరి పందులేగా," అంటూ ఆంటన్ ఆ రాళ్ళ మీద చతికిలబడ్డాడు. వాలెంటిన్ పళ్ళు కోసి టోపీలో వేసుకొచ్చాడు. ఇర్మ్‌ట్రౌట్ ఆంటన్ పక్కన కూర్చుని, వాగుకి అవతల ఎవరెవరి ఇళ్ళుండేవో చెప్పడం మొదలుపెట్టింది.