ఒండ్రుమట్టి కింద పేరు

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు గానీ, గోదావరి జిల్లాల్లో ఆ మాట చెల్లదు. ఇక్కడ గుడికి ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా దాత పేరుండాలి, పేరు పక్కన ఊరుండాలి, ఎవరి జ్ఞాపకార్థమో అదీ ఉండాలి. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు చదవడం ఎవరి తరమూ కాదు. కరెంటు పోతేనే దాతకు కీర్తి. పాలకొల్లు చుట్టుపక్కల అలాంటి కీర్తి అంతా అబ్బులు చేతిమీదుగా పుట్టిందే.

గుళ్ళో ఫ్యాన్లు, బళ్ళో బల్లలు, బస్టాండులో సిమెంటు బెంచీలు, ఆఖరికి శ్మశానం గేటు కూడా వదలకుండా ముప్పై ఏళ్ళు దాతల పేర్లు రాశాడు. ప్రతి రాత కిందా కుడిపక్కన చీమల్లాంటి అక్షరాలతో "అబ్బులు ఆర్ట్స్, పాలకొల్లు" అని సంతకం పెట్టేవాడు. "దాత పోతాడు, ఫ్యానూ పోద్ది. నా అక్షరం పోదండి" అనేవాడు. గొప్పలే గానీ, అబద్ధం కాదు. రంగులో ఏదో కలిపేవాడు. ఏం కలుపుతాడో భార్య మాణిక్యాంబకు కూడా చెప్పలేదు.

ఇలాంటి మనిషికి ఫుట్‌బాల్ పిచ్చి కాకినాడలో పట్టింది. కుర్రతనంలో అక్కడి రేవులో పడవల మీద పేర్లు రాసే పనికి వెళ్ళాడు. సాయంత్రాలు పరదేశపు ఓడల కళాసీలు ఇసకలో బంతి ఆడుతుంటే వాళ్ళలో కలిసిపోయేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. బంతి వస్తే ఆపాలి, ఖాళీగా ఉన్నవాడికి అందించాలి, అంతే భాష. పెళ్ళయి పాలకొల్లు వచ్చాక ఆట పోయింది గానీ పిచ్చి పోలేదు.

2002 మే నెలాఖరున ఒక సాయంత్రం టీవీల కొట్టు షట్టరు మీద పేరు రాస్తున్నాడు. లోపల టీవీలన్నిటిలోనూ ప్రపంచకప్పు మొదటి మ్యాచ్ నడుస్తోంది. ఒకవైపు ఫ్రాన్సు, అంతకుముందు కప్పు గెలిచిన జట్టు. రెండోవైపు సెనెగల్, ఒకప్పుడు ఆ ఫ్రాన్సే ఏలిన దేశం. అబ్బులు కుంచె ఆగిపోయింది. వాళ్ళ నాన్న యానాంలో ఫ్రెంచి దొరల వంటింటికి కట్టెలు కొట్టిన మనిషి. దొర ఎదురైతే చెప్పులు విడిచి చేత్తో పట్టుకునేవాడట.

సెనెగల్ ఒక్క గోలు కొట్టింది. చివరిదాకా ఆ ఒక్క గోలునీ కాపాడుకుని గెలిచింది. అబ్బులు రంగు డబ్బాతో సహా కొట్లోకి దూకి, "ఏలినోళ్ళ మీద కొట్టారండీ! మా నాన్న ఉంటేనా!" అంటూ కొట్టు యజమానిని కావలించుకుని ఏడ్చేశాడు. ఆయన తెల్ల చొక్కా అంతా ఎర్ర రంగయింది. చాకిరేవుకి ఎన్నిసార్లు వేసినా అది పోలేదని ఆయన ఇప్పటికీ చెబుతాడు.

బళ్ళు తెరిచిన రోజునే అబ్బులు బంతి చంకన పెట్టుకుని వెలగలంక హైస్కూలుకు వెళ్ళాడు. మగపిల్లలు క్రికెట్ బ్యాటు వదలమన్నారు. ఆడపిల్లలు పధ్నాలుగు మంది వచ్చారు, అందరూ రైతుల పిల్లలే. ఊడ్పుల్లో అమ్మల వెనక తిరిగిన కాళ్ళు కాబట్టి బురదలో కూడా తడబడేవి కావు. ఆడుకోవడానికి మాత్రం చోటు లేదు. బడి వెనక ఎకరం పల్లం ఉంది గానీ, ఏడాదిలో సగం మోకాటి లోతు నీళ్ళు. కోతలయ్యాక చేలు ఖాళీగా ఉన్నన్నాళ్ళే ఆట. దుక్కి మొదలైతే ఆట కట్టు.

2004లో అదృష్టం తలుపు తట్టింది. తొంభై ఆరు తుపాను తర్వాత సాయానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒక విదేశీ సేవాసంస్థ రాజమండ్రిలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ పోటీ పెట్టింది. గెలిచిన బడికి మట్టి తోలించి, చదును చేసి, కంచె వేసిన ఆటస్థలం ఇస్తామన్నారు. అబ్బులుకు కప్పు కంటికి ఆనలేదు. ఆ ఎకరం పల్లమే కనబడింది.

చొక్కాలు ఇస్తానని మండలంలో పెద్ద నాయకుడు గున్నేశ్వరరావు ముందుకొచ్చారు. ఎన్నికల్లో టిక్కెట్టు ఖాయమైన మనిషి.

"ముందూ వెనకా నా పేరు దట్టంగా పడాలి అబ్బులూ. ఆఖరి వరసలో కూర్చున్నోడికి కూడా కనబడాలి."

"చొక్కా చిరగాలి గానీ పేరు చెరగదండి," అన్నాడు అబ్బులు.

ఫిబ్రవరిలో పిల్లలు రెండు మ్యాచ్‌లు గెలిచారు. ఫైనల్ మార్చిలో పడింది. ఈలోగా ఎన్నికల ప్రకటన వచ్చింది. నాయకుల విగ్రహాలకు ముసుగులేశారు, గోడల మీద పేర్లకు సున్నం కొట్టించారు. పాలకొల్లులో ఆ సున్నం కొట్టినవాళ్ళలో అబ్బులు కూడా ఉన్నాడు. అయినా చొక్కాల సంగతి బుర్రకు తట్టలేదు. పేర్లు రాసీ రాసీ, దాత పేరు లేని వస్తువు ఒకటి ఉంటుందన్న ఊహే అతనికి రాకుండా పోయింది.

గోదావరి గట్టు పక్కన మైదానం. ఎదురు జట్టు పట్నంలోని ఒక కాన్వెంటుది, బూట్లతో సహా తళతళలాడిపోతోంది. వెలగలంక పిల్లలు వరసగా నిలబడగానే ఎన్నికల ఉద్యోగి ఒకాయన వచ్చి చేయి అడ్డం పెట్టాడు.

"కోడ్ అమల్లో ఉందండి. అభ్యర్థి పేరుతో దిగడానికి వీల్లేదు. అరగంటలో మార్చుకోండి. లేదంటే కప్పు వాళ్ళకే."

అబ్బులు కిరసనాయిలు కోసం పరిగెత్తాడు. పిల్లలు గదిలోకి వెళ్ళి పాత జాకెట్లూ ఓణీలూ వేసుకుని చొక్కాలు తెచ్చి అతని ముందు పోశారు. కిరసనాయిలుతో రుద్దాడు. చెయ్యి మండింది, పేరు మసకబారలేదు. తిరగేసి తొడగమందామంటే, రంగు బట్టను తొలుచుకుని అవతలికి కూడా దిగింది. మూడు దశాబ్దాలుగా ఏ పనితనం చూసి మురిసిపోయాడో అదే ఇవాళ పిల్లల నోట్లో మట్టి కొట్టేలా ఉంది. "నా చేతులు విరిగిపోనూ" అని అక్కడే కూలబడిపోయాడు.

జట్టు కెప్టెన్ సాయిదుర్గ గట్టు కిందికి చూసింది. ఏరు వెనక్కి తీసిన చోట ఒండ్రుమట్టి నల్లగా, మెత్తగా ఉంది.

"మాస్టారూ, లేవండి. మన దగ్గరున్న రంగు అదొక్కటే."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఫుట్‌బాల్ ఆడి ఉండరు. పిల్లలంతా బిలబిలమంటూ ఏట్లోకి దిగారు. మొదటి చొక్కా మీద మొదటి పిడికెడు అబ్బులే మెత్తాడు. తన అక్షరం తన అరచేతి కింద మాయమవుతుంటే అతని గుండె చివుక్కుమంది. రెండో చొక్కాకి ఆ నొప్పి తగ్గింది. పదో చొక్కాకి ఈల వేస్తున్నాడు. వీపుల మీద తడిమట్టిలో వేలితో అంకెలు వేశాడు. చెరిగిపోయే రాత రాయడం అతనికి అదే మొదలు.

ఉద్యోగి ముందూ వెనకా తిప్పి చూసి, "పేరు కనబడిందంటే ఆట ఆపిస్తా" అని పక్కకు తప్పుకున్నాడు. కాన్వెంటు పిల్లలు నవ్వారు. ఆ నవ్వు పది నిమిషాలే.

మొదటి సగంలో ఎవరికీ గోలు లేదు. వెలగలంక గోలుకీపర్ తలుపులమ్మ నాలుగు బంతులు కడుపుతో ఆపింది. ఎండకు మట్టి పెచ్చులూడుతుంటే విరామంలో అబ్బులు బకెట్‌తో తిరిగి మళ్ళీ పూశాడు. రెండో సగంలో వేగం పెరిగింది, పెచ్చులూ పెరిగాయి. ఇంకో నాలుగు నిమిషాలుందనగా సాయిదుర్గ గుండెల మీద నాయకుడి పేరులో మొదటి అక్షరం తొంగిచూసింది. గీత పక్కన ఉద్యోగి ఈల వేయించడానికి రిఫరీ వైపు చేయి ఎత్తబోయాడు.

"పడుకో సాయిదుర్గా! నేల మీద పడు!" అని అబ్బులు గొంతు చించుకున్నాడు.

ఆ పిల్ల పడలేదు. ఛాతీకి చేయి అడ్డం పెట్టుకుని బంతితో పరుగు తీసింది. ఒంటిచేత్తో పరిగెత్తే పిల్ల ఎటు తిరుగుతుందో తెలియక ఇద్దరు అడ్డం తొలిగారు. ఎడమకాలితో కొట్టింది. బంతి స్తంభానికి తగిలి లోపలికి పోయింది.

గోదావరి గట్టు దద్దరిల్లింది. పధ్నాలుగు మంది మట్టిబొమ్మలు ఒకరి మీద ఒకరు పడ్డారు, అబ్బులు వాళ్ళ చుట్టూ గెంతులేశాడు. చివరి ఈల దాకా ఆ ఒక్క గోలునీ తలుపులమ్మ కాపాడింది. అబ్బులుకు తన నాన్న చెప్పులు మళ్ళీ గుర్తొచ్చాయి. ఈసారి ఏడవలేదు, పడీపడీ నవ్వాడు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. గున్నేశ్వరరావు కళ్ళజోడు సవరించుకుని వెతికారు.

"నా పేరేదయ్యా?"

"మట్టి కింద భద్రంగా ఉందండి. నాలుగు ఉతుకులేసి చూశాం, చెక్కుచెదరలేదండి," అన్నాడు అబ్బులు.

వర్షాల ముందే పల్లం మెరకయింది, కంచె పడింది. గేటుకు బోర్డు కావాలన్నారు. సేవాసంస్థను నడిపే దొరసాని తమ పేరు వద్దందట. గున్నేశ్వరరావు తన పేరు వేయిస్తే రెండు బల్లలిస్తానన్నారు. ఊరి పెద్దలు అబ్బులు పేరే పెడదామన్నారు. అబ్బులు అందరి మాటా వినయంగా విన్నాడు. తెల్లవారుజామునే వెళ్ళి బోర్డు రాసేశాడు. పొద్దెక్కాక ఊరంతా వచ్చి చూసింది.

"ఆటస్థలం. గేటు వేసి వెళ్ళండి, గేదెలొస్తాయి."

మాణిక్యాంబ అలవాటుగా కింద కుడిపక్కకు చూసింది. అక్కడ సంతకం లేదు.