లద్దెపురుగులకు వండిన చిక్కుడు గింజలు

నా తెలుగులో లోపాలుంటే పాఠకులు మన్నించాలి. ముప్పై ఏళ్లు దాటాక రాత్రి కళాశాలలో చదివి పట్టా పొందినవాడిని. ఆ చదువుకు కారణమైన మా మేడంగారు గత గురువారం ఉదయం రాజమహేంద్రవరంలోని తమ ఇంట్లో కన్నుమూశారు.

ఆవిడ మా కీటకశాస్త్ర ప్రయోగశాలకు అధిపతి. నేను పురుగులకు మేత కలిపే తాత్కాలిక ఉద్యోగిని. ఆవిడ రాగానే కళ్లజోడు చీరకొంగుతో తుడుచుకుని, ముందుగా పురుగుల రెట్ట పరిశీలించేవారు. "పురుగు అబద్ధమాడినా రెట్ట ఆడదయ్యా" అనేవారు.

నేను చేరిన కొత్తలో, పొగాకు లద్దెపురుగుల మేతలో చిక్కుడు గింజల పొడి కలపమన్నారు. కలిపాను. పురుగులు చిక్కిపోవాలి, కానీ నా వేలంత లావయ్యాయి. నెల రోజుల ప్రయోగం పాడైంది.

"గింజల్ని ఏం చేశావు?"

ఉద్యోగం పోతుందనుకున్నాను. ఏమీ చేయలేదని చెప్పడానికి నోరు తెరిచాను. బల్ల మీద రెట్ట కనిపించింది.

"నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి దంచానండి. పచ్చివి ఎలా పెడతామండీ?"

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "లద్దెపురుగులకి కూడా గోదావరి మర్యాదేనా? ఆవకాయ వెయ్యలేదేంటి!"

తర్వాత ఓపికగా చెప్పారు. పురుగు పొట్టలో మాంసకృత్తులను అరిగించే ఎంజైములుంటాయి. పచ్చి గింజలోని ఒక పదార్థం వాటిని పని చేయనివ్వదు. ఉడికిస్తే ఆ పదార్థం చెడిపోతుంది.

"ఇదంతా ప్రయోగాల పుస్తకంలో రాయి."

"నా చేతిరాత బాగోదండి."

"తప్పు చేసిన చెయ్యే రాయాలి."

రాశాను. మళ్లీ పచ్చి గింజలతో చేశాం. దాదాపు అన్నీ చిక్కిపోయాయి. నాలుగు మాత్రం నిక్షేపంగా పెరిగాయి.

"కష్టపడి అరిగించుకోవడం నేర్చుకున్నాయాండీ?"

"నేర్చుకోలేదయ్యా. వీటి ఎంజైము పుట్టుకతోనే కాస్త వేరు. ఇవే బతికి గుడ్లు పెడతాయి. అది పిల్లలకీ వస్తుంది. కొన్ని తరాలకి చిక్కుడే కొత్త విషం వెతుక్కోవాలి." కళ్లజోడు కొంగుతో తుడుచుకుంటూ, "నువ్వు మాత్రం నేర్చుకోగలవు. సాయంత్రాలు ఖాళీయేగా?" అన్నారు.

మరునాడే రాత్రి కళాశాల దరఖాస్తు నా బల్ల మీద ఉంది. నేను పట్టా తెచ్చుకున్న రోజున ఆవిడ డబ్బాలో ఉడికించిన చిక్కుడు గింజలు తెచ్చారు, ఉప్పూ కారమూ చల్లి.

దీన్ని తరువాత చదవవలసినది, సోమవారం నుంచి నా దగ్గర మేత కలపడం నేర్చుకోబోయే అమ్మాయి. చదివాక, అలమరలోని పాత పుస్తకంలో నా పేజీ తీసి చూడాలి. వంకర అక్షరాలతో రాసిన నా తప్పు కింద, ఆకుపచ్చ సిరాతో ఆవిడ రాసిన ఒక్క మాట ఉంటుంది: "బాగా పెరిగాయి."