గంగన్న మాటల్లో వచ్చిన తంతి

1955 వేసవిలో, ఆదోని తంతి కార్యాలయంలో నేను సిగ్నలరుగా చేరి ఎనిమిది నెలలు కావస్తున్నప్పుడు, ఒక ఉదయం పదకొండు దాటాక, నాగప్ప అనే పత్తి అంగడి గుమాస్తా నా కిటికీ ముందు నిలబడి ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తంతి చదివాడు. "అమ్మకు సీరియస్. వెంటనే రా." చదివి నవ్వాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, బస్సులు ఆగే వైపు కాక మార్కెట్టు వైపు పరుగెత్తాడు. ఏదో చెడు జరగబోతున్నదని నాకు తోచింది ఆ నవ్వు చూసినప్పుడే.

నేను ఆ ఉద్యోగం మానుకొని రెండేళ్లయింది. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. తంతి ఆఫీసులో పని ఎట్లా సాగుతుందో తెలుసుకోవాలని చాలామంది అడుగుతుంటారు కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

ఆదోనిది తపాలా, తంతి కలిసిన కార్యాలయం. పోస్టుమాస్టరు అందరికీ పెద్ద. ఆయన కింద గుమాస్తాలు, తీగ దగ్గర సిగ్నలరు, తంతులు ఇళ్లకు చేర్చడానికి ఖాసిం సాబు అనే బంట్రోతు. అవతలి ఊళ్లో మీట నొక్కితే మా బల్ల మీది ఇత్తడి సౌండరు టకటకలాడుతుంది. ఆ చప్పుడును చెవితో పట్టి, అక్షరం అక్షరం ఫారం మీదికి ఎక్కించాలి. చివర మాటల లెక్క సరిచూడాలి. తంతులు ఇంగ్లీషులో నడిచేవి. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను. చేరిన రోజునే నాచేత ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. తీగ మీద విన్నది ఎవరికీ చెప్పకూడదు, అందులోని విషయం గురించి ఎవరితోనూ మాట్లాడకూడదు. తంతి అందుకునేవారితో కూడా అంతే.

బి.ఏ. చదివిన ఆడమనిషి తీగ దగ్గర కూర్చోవడం ఆ ఊరికి కొత్త. పైగా నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. బడిపంతులైన మా ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో జీతం లేని సెలవులో ఉన్నారు. ఆరేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. ఒక్క ఫిర్యాదు వెళితే ఏమవుతుందో అన్న భయం నాకు ఎప్పుడూ ఉండేది.

నాగప్పతో స్నేహం కలిసింది ఒక బొమ్మల కథ వల్ల. మద్రాసు నుంచి వచ్చే ఒక వారపత్రికలో ఆ రోజుల్లో 'గాజుల గంగన్న' అనే గూఢచారి కథ వచ్చేది. రెండు పేజీలు, ఎనిమిది గడులు. మామూలు గూఢచారులకు ఉండేవి ఏవీ గంగన్నకు లేవు. పిస్తోలు లేదు, టోపీ లేదు, కారు లేదు. ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, చెవిలో సగం కాల్చిన చుట్ట, భుజాన గాజుల మలారం. పరుగెత్తలేడు. ఎవరైనా చెయ్యెత్తితే ఏడుస్తాడు. ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు గాజులు తొడుగుతూ వాళ్ల మాటలు వింటాడు. విన్నదాన్ని ఇంటి కబురులా మార్చి తంతి కొడతాడు. "పెద్దమ్మకు జ్వరం" అంటే కోటలో గింజలు నిండుకున్నాయని. ఏ మాటకు ఏ అర్థమో చదివేవాళ్లే ఊహించాలి. జవాబు మరుసటి వారం వచ్చేది.

నాగప్ప ఎమ్మిగనూరు మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. తండ్రి లేడు. తల్లిని మేనమామ వీరన్న దగ్గర ఉంచి ఆదోనిలో గుమాస్తాగా కుదిరాడు. గురువారం రైలు స్టేషనులో పత్రిక కొని, దారిలోనే చదివేసి, మా కిటికీలోంచి లోపలికి జరిపేవాడు. నేను భోజనం వేళ చదివేదాన్ని. అర్థం మీద పందెం కాసేవాళ్లం.

"ఈ వారం పిల్లకు సంబంధం కుదిరింది అంటాండాడక్కా. యాడో వంతెన కట్టినారు, సూడు" అన్నాడొకసారి. వంతెన కాదు, పడవలు వచ్చాయన్నాను. పడవలే అయ్యాయి. "సదువుకున్నోళ్లతో పందెం కాసినోడికి బుద్ధి ల్యాదు" అంటూ వేయించిన శెనక్కాయల పొట్లం కిటికీలో పెట్టిపోయాడు.

ఇంకోసారి నేను ఊరికే ఒక ప్రశ్న వేశాను. గంగన్న తల్లికి నిజంగానే జబ్బు చేస్తే ఆయనకు ఎట్లా తెలుపుతారు? నాగప్ప తడుముకోలేదు.

"గంగన్నకు తల్లి ల్యాదక్కా. రాసేటోడు తెలివిమంతుడు."

ఆ తర్వాత నెల నుంచి ఎమ్మిగనూరు తంతులు మారాయి. అంతకు ముందు వీరన్న నూలు ధరలు, పత్తి ధరలు నేరుగా పంపేవాడు. కిటికీ దగ్గర పొరుగు అంగళ్ల గుమాస్తాలు మెడలు సాచి చూసేవాళ్లు. ఇప్పుడు "అమ్మ కులాసా" అని ఒక రోజు, "అమ్మకు జ్వరం" అని ఒక రోజు వచ్చేవి. కులాసా వచ్చిన రోజు నాగప్ప అంగడి కొనేది. జ్వరం వచ్చిన రోజు చేతులు కట్టుకొనేది. నాకు చెప్పలేదు, నేను అడగలేదు. సంతకం చేసిన మనిషిని అడగకూడదు. గంగన్న చదివినదాన్ని కనుక తెలియకుండానూ పోలేదు. తల్లి పేరు మీద అట్లాంటి మాట పెట్టుకోవడం మంచిది కాదని వీరన్న మొదట ఒప్పుకోలేదట. తల్లి నిజంగా ఆ ఊళ్లోనే ఉంది కాబట్టి ఎవరూ అనుమానించరని నాగప్ప ఒప్పించాడట. ఇది తర్వాత తెలిసింది.

ఆ ఉదయం తంతి తీసుకున్నాను. మాటల లెక్క సరిపోయింది. పంపినవారు వీరన్న. తీగ మూసే ముందు ఎమ్మిగనూరు సిగ్నలరు, ఫారానికి ఎక్కకూడని రెండు మాటలు కొట్టాడు. "పంపినాయన ఏడుస్తున్నాడు." సిగ్నలర్లు తీగ మీద సొంత మాటలు మాట్లాడకూడదు. అందరూ మాట్లాడుకుంటారు.

నేను ఫారం నాగప్ప చేతికిచ్చాను. వాళ్లు కుదుర్చుకున్న సంకేతాల పట్టీలో ఆ మాటకు అర్థం, ధర విరిగి పడిపోయింది, కొనుగోళ్లు వెంటనే ఆపు అని. ధర విరుగుతుందని నాగప్ప వారం నుంచి అంటూనే ఉన్నాడు. అందుకే నవ్వాడు. వీరన్న మాత్రం అక్క మంచం పక్కనుంచి లేచివచ్చి, లోకమంతా రాసే మాటలే రాశాడు. ఆ కంగారులో అవి తమ పట్టీలో మాటలని మరచిపోయాడు.

కిటికీ ముందు మరో ముగ్గురు గుమాస్తాలు ఉన్నారు. ఇది నిజం నాగప్పా అంటే చాలు. అంటే అతని పట్టీ ముగ్గురికీ తెలుస్తుంది, నేను తంతులు చదివి అర్థాలు కడుతున్నానని తెలుస్తుంది, ఎమ్మిగనూరు సిగ్నలరు పేరు బయటికొస్తుంది. ఇంత ఆలోచించేలోగా అతను వీధి మలుపు తిరిగాడు.

అప్పుడు నేను రూలు ప్రకారం చేయగలిగింది చేశాను. తంతిలో సందేహం ఉంటే పంపిన ఊరిని మళ్లీ చెప్పమని అడగవచ్చు. దాన్ని సర్వీసు తంతి అంటారు. అడిగాను. పావుగంటలో జవాబు వచ్చింది: పంపినది పంపినట్టే ఉంది. అక్షరాలు సరైనవే. నా సందేహం అక్షరాల మీద కాదు. దాన్ని అడగడానికి రూలు లేదు.

పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్లాను. సగం చెప్పి సగం మింగాను. సరిగా అందుకున్నావు, సరిగా ఇచ్చావు, ఇక మన పని అయిపోయిందన్నారాయన. తిరిగి వచ్చి కూర్చున్నాను. పన్నెండున్నర బస్సు వెళ్లిపోయింది. రెండు గంటలకు ఇక కూర్చోలేక ఖాసిం సాబును పిలిచి, నాగప్ప తల్లికి నిజంగానే బాగాలేదట, నాలుగు గంటల బస్సుకు పొమ్మని చెప్పి రమ్మన్నాను.

ఖాసిం సాబు అరగంటకు తిరిగి వచ్చాడు. నాగప్ప అంగట్లో లేడు. కొనుగోళ్లు ఆపడానికి అంగడి యజమాని సేఠ్ జీపులో హొళగుంద అనే ఊరికి పోయినాడు. మిగిలిన గుమాస్తాలకు చెప్తే నవ్వారట.

"ఆయమ్మకు వారం వారం జ్వరమే గదా, నువ్వు కొత్తగా సెప్పేదేముంది సాబూ అన్నారమ్మా" అన్నాడు. ఆపైన "నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాను. అతను సైకిలెక్కి మళ్లీ వెళ్లి, హొళగుంద దారిలో ఊరి చివర ఐదు దాకా కాచుకున్నాడు. జీపు రాలేదు.

ఆరుకు ముందు సౌండరు మళ్లీ మోగింది. "అమ్మ పోయింది." ఆ మాట వాళ్ల పట్టీలో లేదు. రాసుకున్నాను, మాటలు లెక్కపెట్టాను, వేళ వేశాను, ఖాసిం సాబుకు ఇచ్చాను. రాత్రికి తిరిగొచ్చిన నాగప్ప మరునాడు మొదటి బస్సుకు వెళ్లాడు. అతని కోసమే శవాన్ని ఉంచారు. మధ్యాహ్నం దాకా ఆమెకు మాట ఉందని, బస్సు చప్పుడు వినిపించినప్పుడల్లా నాగప్ప వచ్చినాడా అని అడిగిందని వీరన్న చెప్పాడట.

కర్మలన్నీ ముగిశాక గుండుతో మా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆ వేళ వరసలో ఎవరూ లేరు.

"నీకు తెలుసునాక్కా?" అన్నాడు.

"తెలుసు."

"నేను నవ్వినప్పుడే?"

"అప్పుడే."

కోపం చేసుకుంటాడని చూశాను. చేసుకోలేదు. "ఒక్క మాట కేకేసింటే తిరిగి సూసేటోడిని గదక్కా" అన్నాడు. మళ్లీ తనే, "నీ తప్పేముందిలే, ఆ మాట పెట్టింది నేను" అన్నాడు. రెండో మాట నన్ను ఓదార్చడానికి అన్నాడని ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత తంతులకు వేరే గుమాస్తా వచ్చేవాడు. నాగప్ప దేవనకొండలో పని చూసుకున్నాడని విన్నాను. గంగన్న కథ మరో ఏడాది నడిచింది. నేను చదవలేదు.

నాగప్ప కిటికీ దగ్గరికి వచ్చిపోయిన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఒళ్లు కాలిపోతోంది, జ్వరమొచ్చినట్టుంది అని పడుకున్నాను. మా అబ్బాయి పక్కన కూర్చుని నా మొహంలోకి చూశాడు. నేను తెచ్చిన పాత పత్రికల్లో బొమ్మలు చూసి పిల్లలిద్దరూ గంగన్న ఆట ఆడుకుంటున్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

"నిజం జ్వరమామ్మా, గంగన్న జ్వరమా?" అన్నాడు.

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. వాడు నవ్వి చెల్లెలి దగ్గరికి పోయాడు.

మరునాడు పొద్దున ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నాగప్ప మామ వాళ్లమ్మ చచ్చిపోయిందని చెప్పాను. ఆమెకు జబ్బని నాకు ముందే తెలుసునని, ఉద్యోగం పోతుందని భయపడి నోరు తెరవలేదని చెప్పాను. పెద్దవాళ్లకే అర్థం కాని సంగతి ఆ వయసు పిల్లలకు ఏమర్థమవుతుందని మా ఆయన వారించినా చెప్పాను. చివరికి ఇట్లా అన్నాను:

"ఈ ఇంట్లో జ్వరమంటే జ్వరమే. చెప్పల్లా వద్దా అని మీకు ఎప్పుడన్నా అనుమానమొస్తే చెప్పేయండి. తిట్లు తినేది తర్వాత చూసుకుందాం."